హంతకులకు హారతులు

అమలాపురము మొదలుకొని రాజోలు వరకు, కొత్తపేట మొదలుకొని ముమ్మిడివరము వరకు సినిమా పోస్టరు అంటించని గోడ యరుదు. ఆ పోస్టర్లలో కొన్ని సంవత్సరములుగా నొక ప్రత్యేకజాతి బలిసినది. పైన "యథార్థ సంఘటనల ఆధారముగా" అను అక్షరములు. వాని క్రింద కత్తియో, తుపాకియో, నెత్తురంటిన హస్తమో. నడుమ హంతకుని ముఖము. ఆ ముఖము భయమునుగాని రోతనుగాని పుట్టించునట్లు చిత్రింపబడదు, పూజాపటమువలె వెలుగుచుండును. హతుడైనవాడెవడో, వాని తల్లి యెవరో, వాని బిడ్డలేమైరో ఆ గోడమీద నుండదు. ఈ వ్యాపారము సంఘమునకు క్షేమకరమగునా యని విచారింపవలసిన యవసరము కలిగినదని మా యభిప్రాయము.

ముందుగా నొక మాట స్పష్టపరుపవలెను. కల్పితములైన అపరాధ పరిశోధక కథలను గూర్చి మేమిక్కడ వ్రాయుటలేదు. కల్పితుడైన యొక జమీందారును కల్పితుడైన యొక మేనల్లుడు చంపినచో ఏ యింటను దీపమారదు. మేము చెప్పునది నిజముగా జరిగిన హత్యలను, నిజముగా నడయాడిన హంతకులను, హతుల బంధువులు బ్రదికియుండగనే, వారి కండ్లయెదుట వినోదముగా మార్చు చిత్రములను గూర్చి.

ఈ యలవాటు నిన్న మొన్న పుట్టినది కాదు. చలనచిత్రమెంత పాతదో యిదియు నించుమించు నంత పాతది. లోకములో మొట్టమొదటి పూర్తినిడివి కథాచిత్రముగా పెక్కుమంది పరిగణించునది 1906వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో తీసిన "ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్". అది 1880లో ఉరితీయబడిన నెడ్ కెల్లీ యను బందిపోటు కథ. కెల్లీ తిరుగాడిన ప్రాంతమునందలి రెండు పట్టణములలో దానిని 1907లోనే నిషేధించిరి. దూరపు నగరమునకు వినోదమైనది ఆ యూళ్లకు మానుచున్న పుండుపై గీరుట యయ్యెను. మన దేశములో 1925 జనవరిలో బొంబాయి మలబారు హిల్లుమీద అబ్దుల్ ఖాదర్ బావ్లా యను వర్తకుడు హత్య చేయబడెను. ఇందూరు సంస్థానము నుండి తప్పించుకొని వచ్చిన ముంతాజు బేగము అనునామె ఆ హత్యకు మూలము. ఆ వ్యవహారమువలన ఇందూరు మహారాజు మరుసటి యేడు సింహాసనమునే విడువవలసి వచ్చెను. కోహినూరు ఫిలిం కంపెనీవారు మాత్రము మరుసటి యేటివరకు నాగలేదు. 1925లోనే "కులీన్ కాంతా" యను పేర ఆ యుదంతమును తెరకెక్కించిరి.

ఆ కంపెనీ చరిత్రలోనే మఱియొక విశేషము గలదు. అంతకు నాలుగేండ్లకు ముందు, 1921లో, వారు "భక్త విదుర్" అను పౌరాణిక చిత్రమును తీసిరి. అందు విదురుడు గాంధీ టోపీ ధరించి మహాత్ముని బోలియుండెనని మదరాసు మొదలగు చోట్ల ఆంగ్ల ప్రభుత్వమువారు దానిని నిషేధించిరి. మన తెలుగున గూడవల్లి రామబ్రహ్మముగారి "రైతుబిడ్డ" 1939లో జమీందారుల యాగ్రహమునకు గురియై కొన్నిచోట్ల నిషేధింపబడెను. కావున సెన్సారు కత్తెర యన్నంతనే చేతులు జోడించు జాతి కాదు మనది. ఆ కత్తెర తెగువ గల నాలుకలనే ముందుగా వెదకునని మనము అనుభవముచే నెఱుగుదుము. హంతక చిత్రములను ప్రభుత్వము వెంటనే నిషేధింపవలెనని కేకలు వేయుట మా యుద్దేశము కాకపోవుటకు నిదియే కారణము. హంతకుని చిత్రమును ఆపుటకై యిచ్చిన కత్తి రేపు రైతు చిత్రముపై బడదని పూచీయేమి?

అయినను నిషేధము వలదనుట వేఱు, నోరు మూసికొనుట వేఱు. ప్రభుత్వము చేయరాని పనిని సంఘము చేయవలసియుండును. దానికి ముందు చెడుగెక్కడ నున్నదో చూడవలెను.

హత్యల కథలు వినుట మన జాతికి కొత్తగాదు. పలనాటి యుద్ధమును, 1757 నాటి బొబ్బిలి సంగ్రామమును మన పల్లెలు తరతరములుగా వినుచునే యున్నవి. మొగలు ఫౌజుదారులను ముప్పుతిప్పలు పెట్టి 1710లో ప్రాణములు కోల్పోయిన సర్వాయి పాపని కథను జనులు పాడుకొనిరి. పాపడు దోపిడీలు చేసినవాడే, హత్యలు చేసినవాడే. అయినను వాని కథ పాడినవాడు ఊరి రచ్చబండమీద నిలిచి పాడెను. ఎదుట కూర్చున్నవారిలో దోచినవాని వంశస్థులునుండిరి, దోపిడికి గురియైనవాని వంశస్థులునుండిరి. అబద్ధమాడినచో అక్కడనే లేచి యడుగువాడుండెను. కథకుడు మరునాడు అదే యూర కూడు తినవలెను. ఆ కథలు బలిసినవి యేండ్లు గడచి శోకము చల్లారిన పిమ్మట. నేటి చిత్రనిర్మాతకీ నిర్బంధము లేదు. శవము కాటికి చేరకమున్నే పేరు రిజిస్టరు చేయించి, కథ యే యూరిదో ఆ యూర నొక్కపూటయు నుండక, కాసులు లెక్కించుకొనుచు హైదరాబాదులో కూర్చుండును. ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పిమ్మని వేఱొకడు వచ్చెనన్న సామెత యిట్టివారికొఱకే పుట్టినదేమో!

నిదర్శనములు చూతము. 2018 సెప్టెంబరు 14వ తేదీన మిర్యాలగూడలో ఒక దళిత యువకుడు, గర్భవతియైన భార్యతో ఆసుపత్రినుండి వెలుపలికి వచ్చుచుండగా, కిరాయి హంతకునిచే నఱకబడెను. కులాంతర వివాహము సహింపలేక భార్య తండ్రియే యా పని చేయించెనని అభియోగము. ఆ తండ్రి 2020 మార్చిలో ఆత్మహత్య చేసికొనెను. కేసు విచారణలో నుండగానే, అదే సంవత్సరము జూను నెలలో, తండ్రుల దినోత్సవమునాడు, రాంగోపాల్ వర్మగారు ఈ యుదంతముపై "మర్డర్" అను చిత్రమును ప్రకటించిరి. దినమును ఎన్నుకొన్న తీరు గమనింపుడు! మృతునివారు నల్గొండ న్యాయస్థానము నాశ్రయించిరి. అక్కడ నిలుపుదల యుత్తరువు పుట్టెను. పిమ్మట హైకోర్టు అసలు పేర్లు వాడరాదను నియమముతో నడ్డు తొలగింపగా, ఆ యేటి డిసెంబరులో చిత్రము విడుదలయ్యెను. న్యాయస్థానము తన తీర్పు చెప్పినది ఎప్పుడు? 2025 మార్చి 10వ తేదీన. ఒకనికి మరణశిక్షయు, తక్కినవారికి యావజ్జీవమును విధించెను. సాక్షులను విచారించి, ప్రతివాదుల మాట విని, న్యాయమూర్తి చెప్పుటకు ఆఱున్నర సంవత్సరములు పట్టిన సంగతిని, సినిమా నాలుగు సంవత్సరములు ముందుగానే రెండు గంటలలో తేల్చివేసినది!

మఱియొకటి. 2019 నవంబరులో శంషాబాదు చెంత నొక పశువైద్యురాలిపై జరిగిన ఘోరము పాఠకులు మఱచియుండరు. పోలీసువారు ఆమెకు "దిశ" యని పేరిడిరి. ఏలయన అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు ప్రకటింపరాదని చట్టము శాసించుచున్నది. డిసెంబరు 6వ తేదీన నలుగురు నిందితులను చటాన్‌పల్లి వంతెన సమీపమున పోలీసులు కాల్చి చంపిరి. ప్రజలు పోలీసులపై పూలు చల్లిరి. ఏడాది తిరుగకమున్నే, 2020లో, "దిశ ఎన్‌కౌంటర్" అను చిత్రపు ట్రైలరు వెలువడెను. కన్నతండ్రి హైకోర్టు మెట్లెక్కి, మా బిడ్డ చావును మఱల మాకు చూపకుడని మొఱపెట్టుకొనవలసి వచ్చెను. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను నివేదిక 2022 మే నెలలో బయటపడినది. ఆ కాల్పులు చంపు నుద్దేశముతోనే జరిగినవనియు, పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెననియు, చంపబడినవారిలో ముగ్గురు మైనరులనియు ఆ నివేదిక చెప్పినది. మొదట పూలు చల్లినవాడు ఈ నివేదిక చదివి యొక్క క్షణము తల వంచుకొనక తప్పదు. అట్లు తల వంచుకొనుట కవకాశమియ్యకుండుటయే ఇట్టి చిత్రములు చేయు మొదటి కీడు. సత్యము నెమ్మదిగా నడచివచ్చును. సినిమా బండిమీద వచ్చును. బండిమీద వచ్చినది జనుల మనస్సులో పీట వేసికొని కూర్చుండిన తరువాత, నడచివచ్చినదానికి చోటెక్కడ?

మూడవ నిదర్శనము ముఠాకక్షలది. పరిటాల రవీంద్రగారు 2005 జనవరి 24న అనంతపురమున హతులైరి. ఆ పగల చరిత్రను "రక్త చరిత్ర" యను పేర 2010లో రెండు భాగములుగా తీసిరి. రెండవ భాగము డిసెంబరు మొదటివారమున వచ్చినది. ప్రత్యర్థిగా పేరొందిన మద్దెలచెరువు సూరి, నెల తిరిగిన వెంటనే, 2011 జనవరి 3న, హైదరాబాదు నడివీథిలో కాల్చి చంపబడెను. చిత్రమే దానికి కారణమని మేము చెప్పము. అట్లు చెప్పుట కాధారము లేదు. కాని ముగియని కథకు ముగింపు వ్రాయబూనినవాని సాహసమెంతటిదో దీనివలన తెలియును. నెత్తురింకను ఆరని నేలమీద నిలిచి దీనిని "చరిత్ర" యని పిలుచుట చరిత్రకే యపచారము.

వ్యక్తుల కథ యిట్లుండగా, ఒక యూరినే, ఒక కులమునే నేరస్థునిగా నిలబెట్టుట మఱింత దారుణము. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమును తీసికొందము. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టమును చేసిరి. పుట్టుకతోనే మనుష్యుని దొంగయని వ్రాసికొను చట్టమది! 1911 నాటి చట్టముతో అది మదరాసు రాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారి నేరస్థ జాబితాకెక్కించి, మదరాసు ప్రభుత్వమునందలి హెరాల్డు స్టూవర్టు దొరపేర నొక కాలనీ కట్టి, సాల్వేషన్ ఆర్మీవారి చేతికిచ్చిరి. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును చెఱపివేసినది. చట్టము చెఱపబడినను సినిమాకు ఆ ముద్ర పనికివచ్చుచునే యున్నది. 1991లో "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్", 2023లో "టైగర్ నాగేశ్వరరావు". ఈ రెండవ చిత్రముపై ఎఱుకల సోదరుల మనస్సు నొచ్చినదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము నడచెను.

ఆ యూరికే మఱియొక కథ గలదు. జాషువ మహాకవి కుమార్తెయగు హేమలతా లవణంగారును, గోరాగారి కుమారుడగు లవణంగారును, "సంస్కార్" అను సంస్థ నెలకొల్పి, ఆ యూరివారితో కలసి మెలసి, దొంగతనమును మాన్పించి, చదువును వృత్తిని అలవరచుటకు సంవత్సరముల తరబడి పాటుపడిరి. దేశమునకు గర్వకారణమైన కథ యిది. దొంగ దొర యయిన కథకంటె దొంగ మనుష్యుడైన కథ గొప్పది. మొదటిదానికి కోట్లు పెట్టువారున్నారు. రెండవదాని నడుగువాడు లేడు. ఆంగ్లేయుడు వేసిన కాల్చిన ముద్రను మన చేతులతోనే, మన భాషలోనే, మన కాసులతోనే తిరిగి వేయుట జాతీయతయా? ఒకప్పుడు ఇదే ప్రభుత్వము అల్లూరి సీతారామరాజును సైతము ఫితూరీదారుడని వ్రాసికొన్నదని మఱవకుడు. ఎవడు నేరస్థుడో చెప్పు నధికారము ఎవనిచేత నుండునో వాని కన్నులతో లోకమును చూచుట దాస్యము.

ఇక కోనసీమవారమైన మనకీ విషయమేల యని యడుగువారుండవచ్చును. గౌతమీ వసిష్ఠల నడుమ ఒడిగట్టుకొనియున్న ఈ సీమలో ఒకే కాలువనీరు అన్ని కులముల చేలను తడుపుచున్నది. ఒకే కొబ్బరితోటలో చెట్టు యజమానుడొకడు, దింపువాడొకడు, పీచు వలుచువాడొకడు, కొనువాడొకడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మనమీద పడినప్పుడు కడలి కులమడుగలేదు. ఇట్టి సీమలోనే 2022 మే 24వ తేదీన, జిల్లాకు అంబేడ్కరు మహాశయుని పేరు పెట్టుటను వ్యతిరేకించుచు అమలాపురమున మూకలు చెలరేగి, మంత్రి పినిపె విశ్వరూప్ గారి యింటికిని, శాసనసభ్యులు పొన్నాడ సతీష్ గారి యింటికిని నిప్పు పెట్టిరి. ఆ మంట ఆరినది. జిల్లా అంబేడ్కరు పేరుతోనే నిలిచినది. కాని బూడిద క్రింద నివురుగప్పిన కణికలున్నవో లేవో ప్రతివాడును తన గుండె తడవి చూచుకొనవలెను. వంగవీటి మోహనరంగాగారు 1988 డిసెంబరు 26న నిరాహారదీక్షా శిబిరములో హతులైనపుడు కోస్తా జిల్లాలు తగులబడిన సంగతి పెద్దల కెఱుకయే. ఆ యుదంతముపై 2016లో చిత్రము వచ్చినది. పాత పగలను తెరమీదికెక్కించి, వీరుడు మావాడు, ద్రోహి మీవాడు అని ఈలలు వేయించు ప్రతి చిత్రమును విజయవాడకంటెను హైదరాబాదుకంటెను మన పల్లెలకే యెక్కువ ప్రమాదకరము. నగరములో ప్రేక్షకుడు చిత్రము ముగియగనే జనసమ్మర్దములో కలసిపోవును. పల్లెలో ప్రేక్షకుడు ఇంటికి పోవు గట్టుమీద ఎదుటి కులమువాడే యెదురుపడును. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము.

అనుకరణమను కీడు మఱియొకటి. 2017లో నాగరుకర్నూలు ప్రాంతమున నొక స్త్రీ ప్రియునితో కలసి భర్తను చంపించి, ప్రియుని ముఖముపై ద్రవము పోయించి, ప్లాస్టిక్ సర్జరీతో వానినే భర్తగా చూపదలచెను. ఒక తెలుగు సినిమా చూచి యీ యుపాయము పన్నితిమని వారే యొప్పుకొనిరని పోలీసువారు ప్రకటించిరి. ఆ సినిమా కల్పిత కథయే. సినిమా చూచిన లక్షలమంది హంతకులు కారు, అది నిజమే. అయినను నేర మొనర్చిన తీరును పూసగ్రుచ్చినట్లు చూపుట వృథాచేష్టయే కాక ప్రమాదమును గూడ. 1991 నాటి కేంద్ర సెన్సారు మార్గదర్శక సూత్రములలో హింసను గొప్పచేసి చూపరాదనియు, నేరస్థుల పనిపద్ధతిని ప్రోత్సాహకరముగా చూపరాదనియు స్పష్టముగా నున్నది. 2023 నాటి సవరణచట్టము ఏడు, పదమూడు, పదునాఱు సంవత్సరముల వయోభేదమును గూడ ఏర్పఱచినది. సూత్రములు పుస్తకములో నున్నవి; పెద్దలకు మాత్రమే యని వ్రాసిన చిత్రమునకు పదేండ్ల పిల్లవాడు టిక్కెట్టుతో లోపల నుండును. అక్కడ అడ్డు పడినను చేతిలోని ఫోనులో అడ్డులేదు.

మంచి యేదియో చూపక చెడుగును మాత్రమే దూషించుట ధర్మము గాదు. నిజమైన నేరముపై తీసిన యుత్తమ చిత్రములును గలవు. గుంటూరు పోలీసుల చేతిలో చిత్రహింసలకు గురియైన తమిళ కూలీ చంద్రకుమార్ తానే వ్రాసిన పుస్తకము ఆధారముగా 2015లో తమిళమున "విసారణై" వచ్చినది. మన తెలుగునేలమీద జరిగిన యన్యాయమును బాధితుడే చెప్పగా తీసిన చిత్రమది. 2021లో వచ్చిన "జై భీమ్", 1993లో పోలీసు నిర్బంధములో చంపబడిన కురవ కులస్థుని కొఱకు న్యాయవాది చంద్రుగారు సాగించిన పోరాటము. దానిని తెలుగువారును ఆదరించిరి. ఈ రెండును నిజమైన చావులపైననే గదా తీయబడినవి! భేదమెక్కడ? ఇందు కెమెరా హంతకుని భుజముమీద లేదు, హతుని ప్రక్కన నున్నది. న్యాయస్థానములో తేలిన పిమ్మట, లేక బాధితుడే నోరు విప్పిన పిమ్మట, కథ మొదలైనది. "జై భీమ్"లో సైతము ఒక కులచిహ్నము గల క్యాలెండరు గోడపై కనబడినదని కలతపుట్టగా, నిర్మాతలా దృశ్యమును సవరించిరి. సదుద్దేశము గలవానికిని ఇంత జాగ్రత్త వలసియుండగా, కాసులే యుద్దేశముగా గలవాని సంగతి చెప్పనేల?

న్యాయస్థానములును మనకొక దారి చూపినవి. మదరాసు నగరమున ఆఱు హత్యలకు శిక్షపడి, 1995లో సేలము జైలులో ఉరితీయబడిన ఆటో శంకరు అను నేరస్థుడు, జైలులో నుండగా ఆత్మకథ వ్రాసెను. తనకును పోలీసు అధికారులకును గల సంబంధములు అందు వ్రాసినాడని, "నక్కీరన్" పత్రికవారు ప్రచురింపబోగా, అధికారులు వలదని బెదరించిరి. సుప్రీంకోర్టు 1994 అక్టోబరున చెప్పిన తీర్పు వ్రాసినది తెలుగువారగు జస్టిసు జీవన్‌రెడ్డిగారు. ప్రచురణకు ముందుగానే ఆపు నధికారము ప్రభుత్వమునకు గాని అధికారులకు గాని లేదనియు, ప్రజారికార్డులలో నున్నదానిని ఎవ్వరైనను ప్రచురింపవచ్చుననియు, అంతకుమించి యొకని యింటి విషయములలో తలదూర్చినచో దాని ఫలితము అనుభవింపవలసినదే యనియు ఆయన తీర్మానించిరి. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు రికార్డులో నున్నను ప్రకటింపరాదనిరి. బొంబాయి ప్రేలుళ్లపై తీసిన "బ్లాక్ ఫ్రైడే" చిత్రమును, విచారణ ముగియు వఱకు ఆపవలెనని బొంబాయి హైకోర్టు 2005లో నుత్తరువిచ్చెను. తీర్పులు వెలువడిన పిమ్మట, 2007లో అది విడుదలయ్యెను. రెండేండ్లు ఆగినందున దాని విలువ తగ్గలేదు. స్వేచ్ఛకును మర్యాదకును నడుమ నడువదగిన గట్టు ఈ రెంటిలో కనబడుచున్నది.

కావున మేము ప్రతిపాదించునది మూడు మాటలు. మొదటిది: విచారణ ముగియని కేసుపై కథ చెప్పరాదు. న్యాయమూర్తి కుర్చీ ఖాళీగా లేదు. దానిలో దర్శకుడు కూర్చుండరాదు. రెండవది: హతుని వారి గుమ్మము త్రొక్కి, వారి మాట వినక, వారి దుఃఖమును తెరకెక్కింపరాదు. కోర్టు కాగితములలోని సంగతి యందఱిదియే. వంటింటిలోని యేడ్పు వారిదే. మూడవది: ఒకని నేరమునకు వాని కులమును, ఊరిని, మతమును బోనులో నిలబెట్టరాదు. చట్టమువలన గాక, చిత్రపరిశ్రమ తానే యేర్పఱచుకొను కట్టుబాటువలన ఈ మూడును నిలువవలెనని మా కోరిక. చట్టము కుదిర్చినది చట్టముతోనే మాఱును. సిగ్గు కుదిర్చినది నిలుచును.

థియేటరు యజమానులకును పని గలదు. పెద్దల చిత్రమునకు పిల్లలను రానీయకుండుట వారి చేతిలోనిది. టిక్కెట్టు డబ్బు చిన్నది. బిడ్డ మనస్సు పెద్దది. అన్నిటికంటె పెద్ద సెన్సారు బోర్డు ప్రేక్షకుని జేబు. హంతకుడు తెరపై రాగానే ఈల వేసి కాగితపు ముక్కలు విసరిన చేయి ఎవరిది? ఆ చేయి మనదైనంతకాలము నిర్మాతను నిందించుట సగము న్యాయము.

కథలకు మన సీమలో కరవా? 1931 మార్చి 30వ తేదీన ఆత్రేయపురము చెంత వాడపల్లిలో వేంకటేశ్వరస్వామి రథోత్సవము జరుగుచుండెను. రథముపై గాంధీమహాత్ముని పటము నిలిపిరని పోలీసులు జనుల మీద తుపాకులు ప్రేల్చి ప్రాణములు తీసిరి. నేడు శనివారము శనివారము వాడపల్లి దర్శనమునకు వచ్చు వేలాది భక్తులలో ఆ రథము ముందు కూలినవారి సంగతి యెందఱెఱుగుదురు? 2014 జూను 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలమందలి నగరములో గ్యాసు గొట్టము పగిలి మంటలు చెలరేగి, నిద్రలో నున్నవారు, టీ కాచుకొనువారు ఇరువదిమందికి పైగా కాలి చనిపోయిరి. అవి చావులు కావా? వాని వెనుక విచారింపదగిన అజాగ్రత్త లేదా? చేత కత్తి పట్టిన హంతకుడు లేడు గనుక అది కథ కాదని నిర్మాత యనుకొనవచ్చును. కత్తి పట్టకయే చంపు నిర్లక్ష్యమును, చంపబడియు పేరు లేని పేదను తెరమీద నిలిపినవాడు నిజమైన కళాకారుడని మే మందుము.

కోనసీమ కొబ్బరితోటలను వెదకికొని సినిమావారు తఱచుగా వచ్చుచున్నారు. వారికి నీడనిత్తము, నీరిత్తము, కొబ్బరిబోండము లిత్తము. మా చెట్ల యందము తీసికొని పొండు. మా పగలను మాత్రము వెలకట్టి తిరిగి మాకే యమ్మకుడని వారితో చెప్పు ధైర్యము మనకు గలుగుగాక! ఆ మాట చెప్పుటకు సభలు అక్కఱలేదు, నిప్పు అంతకన్న నక్కఱలేదు. హంతకునికి హారతి పట్టు చిత్రము ఆడునాడు టిక్కెట్టు కిటికీ యెదుట వరుస లేకుండినచో, ఆ మాట వారికి వినబడును.